చుక్క ‘గూకడం’ ఏ నీళ్లలో?

మాది కళింగపట్నం దగ్గర. పొద్దు గూకింది అన్నట్టే మా అమ్మమ్మ ‘చుక్క గూకింది’ అనేది. ఈ గూకు పాత ‘గ్రుంకు’. గ్రుంకడమంటే మునగడం; ఏట గ్రుంకులిడడమంటే స్నానమే. అస్తమయాన్ని మన భాష మునకగా చూసిందన్నమాట. కానీ మనకి సముద్రం తూర్పున, కొండలు పడమట. చుక్కలు నీళ్లలోంచి లేచి కొండల వెనక్కి దిగుతాయి. మరి ఈ మునక ఎక్కడిది?

‘పొడుచు’ మాత్రం కళ్లారా చూసి పెట్టిన మాటే. జూన్‌లో ఓ వేకువజామున ఒడ్డున ఉన్నాను. నీటికి జానెడెత్తున చిన్న మసక, చూస్తుండగానే ఒక్కో చుక్కా విడివడింది, మొలక నేలని పొడుచుకొచ్చినట్టు. వల సర్దుకుంటున్న పెద్దాయన ‘పిల్లలకోడి పొడిసీసినాది, లెగండర్రా’ అని కేకేశాడు. పిల్లలకోడి అంటే కృత్తికల గుంపు. రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి జరిగి, నవంబర్‌కి అదే పిల్లలకోడి పొద్దుగూకే వేళకి పొడుస్తుంది.

ఇది చదివి విజయనగరం నుంచి ఒక సైన్సు మాస్టారు అడిగారు: చుక్కలు కదలవు కదండీ. భూమి పడమటి నుంచి తూర్పుకి తిరగడం వల్ల గంటకి 15 డిగ్రీలు జరిగినట్టు కనిపిస్తాయి. పొడిచింది, గూకింది అంటే పిల్లలకి తప్పు నేర్పినట్టు కాదా?

నా జవాబు: కాదు మాస్టారూ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది: పడవలో ముందుకి పోయేవాడికి కదలనివి వెనక్కి పోతున్నట్టు కనబడతాయి, చుక్కలు పడమటికి పోవడమూ అలాంటిదే అని. వంశధారలో పడవెక్కి ‘రేవు వెనకబడింది’ అంటాం. రేవు నడిచిందని ఎవరూ అనుకోరు. కనబడిన తీరుని పట్టుకోవడమే క్రియ పని.

బొబ్బిలి నుంచి ఒక పెద్దావిడ: బాబూ, గ్రుంకడానికి సముద్రమే కావాలా? మా ఊళ్లో తూర్పుగట్టు మీద కూచుంటే సాయంత్రపు చుక్క చెరువులోకే దిగుతుంది. నీడా చుక్కా ఎదురెదురుగా వచ్చి కలిసిపోతాయి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను.

నా జవాబు: అమ్మా, చెరువు నాకు తట్టనే లేదు! చెరువుల నాడు కదా మనది. ఇప్పుడు ఇంకోటి అడుగుతాను. ధ్రువుడు మనకి ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తునే ఉంటాడు, అంటే చెయ్యి చాచి చూస్తే రెండు పిడికిళ్లకి కాస్త తక్కువ. సప్తర్షులు గూకుతారు, ఆయన గూకడు. ఆ గూకని చుక్కని మీ పెద్దవాళ్లు ఏమనేవారు?