5 మెగావాట్ల ఆవిరి విద్యుత్ ప్లాంటుకి బాయిలర్ పీడనం 45 బార్ చాలా, 67 బార్ దాకా వెళ్లాలా?

ఫీడ్‌వాటర్:
కరెంటు మాత్రమే కావాలి, ప్రాసెస్‌కి ఆవిరి అక్కర్లేదు. కండెన్సింగ్ టర్బైన్ (బయటికొచ్చే ఆవిరిని కండెన్సర్‌లో చల్లార్చి నీరు చేసేది), ఎగ్జాస్ట్ అంటే ఆ ఆవిరి బయటికొచ్చే చోట పీడనం 0.1 బార్ అబ్సొల్యూట్. 45 బార్, 440 డిగ్రీలు ఒక ఆప్షన్. 67 బార్, 485 డిగ్రీలు ఇంకోటి. నా ఓటు 67కే. స్టీమ్ టేబుల్స్ ప్రకారం ఐసెంట్రోపిక్ ఎన్థాల్పీ డ్రాప్ (నష్టాలేవీ లేకపోతే ఆవిరి టర్బైన్‌కి ఇచ్చే శక్తి) మొదటిదానికి కిలోకి సుమారు 1,133 కిలోజౌళ్లు, రెండోదానికి 1,232. టర్బైన్ ఎఫిషియెన్సీ 75 శాతం, గేర్‌బాక్స్, జనరేటర్ కలిపి 95 అనుకుంటే గంటకి 22.3 టన్నుల ఆవిరి కావాల్సిన చోట 20.5తో సరిపోతుంది. ఇంధనం అయిదు శాతం పైనే మిగులుతుంది.

గవర్నర్‌వాల్వ్:
రెండింటికీ 75 వేయడం దగ్గరే తేడా కొట్టిందండీ. టర్బైన్‌లోకి వెళ్లే ఆవిరి ఘనపరిమాణం చూడండి. 45 బార్‌కి సెకనుకి 0.43 ఘనపు మీటర్లు, 67కి 0.28. ఇంత కొద్ది ఆవిరికి మొదటి స్టేజీల బ్లేడ్లు మరీ పొట్టివైపోతాయి. బ్లేడు పొట్టిదైందని కొన దగ్గర క్లియరెన్స్ అదే లెక్కన తగ్గదు కదా! ఆ సందులోంచి పని చేయకుండా జారిపోయే ఆవిరి వాటా పెరుగుతుంది. పొడవు నిలబెట్టడానికి కొన్ని నాజిళ్లే (ఆవిరిని బ్లేడ్ల మీదికి వదిలే మూతులు) పెడితే, ఆవిరి తగలని బ్లేడ్లు చుట్టూ ఉన్నదాన్ని ఊరికే చిలుకుతూ తిరుగుతాయి.

67 బార్‌కి ఎఫిషియెన్సీ 71 వేసి చూడండి, 21.7 టన్నులు వస్తుంది. బాయిలర్‌లోకి వెళ్లే ఫీడ్ వాటర్ 105 డిగ్రీలనుకుంటే కిలో ఆవిరికి పెట్టే వేడి కూడా 2,860 నుంచి 2,938 కిలోజౌళ్లకి పెరుగుతుంది. చివరికి ఇంధనంలో మిగిలేది 0.2 శాతమే. ఫీడ్ పంపు అదనంగా తీసుకునే 30 కిలోవాట్లకి అది చాలదు కూడా!

ఫీడ్‌వాటర్:
71 మీరు ఎంచుకున్న అంకె. రోటర్ వ్యాసం తగ్గించి వేగం పెంచితే బ్లేడు పొడవు చాలావరకు తిరిగొస్తుంది. గేర్‌బాక్స్ ఎలాగూ ఉంది.

గవర్నర్‌వాల్వ్:
అయితే ఆ మాట సప్లయర్ చేత రాయించండి. ఎఫిషియెన్సీ శాతంగా కాదు, జనరేటర్ టెర్మినల్స్ దగ్గర యూనిట్‌కి ఎన్ని కిలోల ఆవిరి అని. ఫుల్ లోడ్‌తో పాటు 60 శాతం లోడ్‌కీ. ఇక నీళ్లు. పీడనం పెరిగేకొద్దీ సిలికా ఆవిరితో పాటే ఎగిరి, చివరి స్టేజీల బ్లేడ్ల మీద గాజులా పేరుకుంటుంది. ఆవిరిలో అది 0.02 పీపీఎం దాటకూడదు. నీళ్లలోని లవణాలు తీసే డీఎం ప్లాంటులో మిక్స్‌డ్ బెడ్ (చివరి శుద్ధి దశ) తీసేసి డబ్బు మిగిలిందనుకునే డిజైన్లు ఇక్కడే దెబ్బతింటాయి.

ఎగ్జాస్ట్‌హుడ్:
ఇద్దరూ ఇన్‌లెట్‌నే పట్టుకున్నారు. 67 బార్‌తో వచ్చేది 99 కిలోజౌళ్లు. 45 బార్ కేసులోనే ఎగ్జాస్ట్ 0.1 నుంచి 0.2 బార్‌కి జారితే పోయేది 87. 0.1 నిలవాలంటే ఆవిరి 46 డిగ్రీల దగ్గర నీరవ్వాలి. కూలింగ్ వాటర్ 32 డిగ్రీలతో వస్తేనే అది కష్టపడి నిలబడుతుంది. గ్లాండ్ల (షాఫ్ట్ సీళ్ల) దగ్గర గాలి పీల్చిందా, కండెన్సర్‌లోని గాలిని తోడే ఎజెక్టర్ ఎంత లాగినా లాభం లేదు. ఇంతకీ కండెన్సర్ వాటర్ కూల్డా, ఎయిర్ కూల్డా?

ఇంకో మాట. ఎప్పటికైనా ప్రాసెస్‌కి 3.5 బార్ ఆవిరి ఇవ్వాల్సొస్తే 67 వైపే నేనూ. బ్యాక్ ప్రెషర్‌లో (ఆవిరిని కండెన్సర్‌కి కాక ప్రాసెస్‌కి వదిలే టర్బైన్‌లో) డ్రాప్ 609 నుంచి 713కి పెరుగుతుంది, అంటే 17 శాతం. అదే 5 మెగావాట్లకి ఆవిరి దాదాపు 1.7 రెట్లు కావాలి గనక పొట్టి బ్లేడ్ల బాధా తగ్గుతుంది.

ఫీడ్‌వాటర్:
ఎయిర్ కూల్డే. నీళ్లు సరిపోవు.

ఎగ్జాస్ట్‌హుడ్:
అలాగైతే ఎండాకాలపు వేడి గాలికి ఎగ్జాస్ట్ 0.2 పెట్టి మళ్లీ లెక్కేయండి. 45 బార్‌కే గంటకి 24 టన్నులు దాటుతుంది. 22 టన్నుల బాయిలర్ కొని, 5 మెగావాట్లు రావట్లేదని టర్బైన్‌ని తిట్టుకోకండి.