బంతిపూల మీద గొల్లభామ: ఇది ఆర్కిడ్ మాంటిసేనా?

కుండీతోట: బంతిపూల మీద అంగుళం కూడా లేని గొల్లభామ పిల్ల ఒకటి ఉంది. తెలుపు, లేతాకుపచ్చ కలిసిన ఒళ్లు, కాళ్ల మీద అడ్డపట్టీలు, పొట్ట పైకి మడిచి కూర్చుంటోంది. ఫొటోల్లో అచ్చం పువ్వులా కనిపించే గొల్లభామ, ఆర్కిడ్ మాంటిస్, ఇదేనా? గులాబి పూల మధ్య పెడితే గులాబి రంగుకు వస్తుందా? పెంచాలంటే డబ్బా ఎలా ఉండాలి?

పురుగులశాస్త్రం: కాదండీ. ఆర్కిడ్ మాంటిస్, అంటే హైమెనోపస్ కొరొనేటస్, ప్రధానంగా మలేసియా, ఇండోనేసియా వైపు వానఅడవుల్లో ఉంటుంది. దాన్ని పోల్చుకోవాలంటే కాళ్లు చూడండి. మధ్య, వెనక కాళ్ల తొడలకు పూరేకుల్లా వెడల్పాటి అంచులు ఉంటాయి. మీరు చెప్పిన ఆనవాళ్లు మన దేశంలో ఉండే క్రియోబ్రోటర్ అనే మరో గొల్లభామ జాతివి. పెద్దదయ్యాక ఆకుపచ్చ ముందు రెక్కల మీద కన్నులాంటి మచ్చ వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

రంగు విషయం. ఆర్కిడ్ మాంటిస్ తెలుపు నుంచి గులాబికి మారుతుంది గానీ, ఊసరవెల్లిలా అప్పటికప్పుడు కాదు, రోజులు పడుతుంది. అసలు అది ఆర్కిడ్ పూలలోనే దాక్కుంటుందన్న మాటే తప్పుదారి పట్టిస్తుంది. మలేసియాలో చేసిన పరిశీలనలు 2014లో అచ్చయ్యాయి. వాటిలో, పక్కన పువ్వు లేకపోయినా తేనెటీగల వంటివి నేరుగా దాని దగ్గరకే వచ్చాయి, అక్కడి ఒక మామూలు పువ్వు దగ్గరకు వచ్చినవాటికంటే ఎక్కువగా! అంటే అది పువ్వు చాటున నక్కడం లేదు, తానే పువ్వై ఎర వేస్తోంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మాత్రం ఎరుపు నలుపుల్లో ఉంటుంది, పువ్వు పోలికే ఉండదు.

డబ్బా_జాలీ: పెంపకం సంగతి నేను చెప్తాను. డబ్బా ఎత్తు పురుగు పొడవుకు కనీసం మూడింతలు, వెడల్పు రెండింతలు ఉండాలి. మూత కోసేసి దోమతెర గుడ్డ బిగించండి. ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే కుబుసం విడిచేటప్పుడు అది తలకిందులుగా వేలాడుతుంది. నున్నటి ప్లాస్టిక్ మూతకు పట్టు దొరక్క జారి పడితే కాళ్లు వంకరగా గట్టిపడిపోతాయి, తర్వాత సరిచేయలేం.

రోజుకోసారి ఒక గోడ మీద సన్నగా నీళ్లు చల్లండి, ఆ చుక్కలే తాగుతుంది. సాయంత్రానికి ఆరిపోవాలి, లేకపోతే బూజు పడుతుంది. మరీ పొడిగా ఉన్నా కుబుసం ఒంటికి అంటుకుని ఊడదు.

మేత: ముందు మగ్గిన అరటిపండు మీద ముసిరే చిట్టీగలు, ఎదిగాక మామూలు ఈగలు. దాని ఒంట్లో సగానికి మించిన పురుగును వేయకండి. దోమలమందు కొట్టిన గదిలో పట్టిన ఈగ అసలు వద్దు. తినడం మానేసి పైన వేలాడుతుంటే కుబుసానికి సిద్ధమైనట్టే. అప్పుడు లోపల ఉన్న ఈగలన్నీ తీసేయండి. కుబుసం విడిచాక ఒక రోజు ఆగి మేత పెట్టండి. రెండు పిల్లల్ని ఒకే డబ్బాలో వేస్తే చివరికి మిగిలేది ఒకటే.

కుండీతోట: ఈగలు దొరక్కపోతే చీమలు వేయొచ్చా?

డబ్బా_జాలీ: వద్దు. మెత్తగా వేలాడుతున్నప్పుడు చీమలే దాన్ని కొరికేస్తాయి. బయటి చీమలు ఎక్కకుండా, నీళ్లు పోసిన పళ్లెంలో గిన్నె బోర్లించి దాని మీద డబ్బాను పెట్టండి. ఈగలు పట్టే ఓపిక లేకపోతే తిరిగి బంతి మొక్క మీదే వదిలేయండి, ఆ మొక్కకు మందు కొట్టకుండా ఉంటే చాలు.