విశాఖ నుంచి టైడ జంగిల్ బెల్స్‌కి బస్సులో వెళ్లినవాళ్లున్నారా?

డిసెంబరులో అమ్మని, మా పిన్నిని తీసుకుని అరకు దారిలో ఉన్న టైడ వెళ్దామనుకుంటున్నాను. అక్కడి ఏపీ టూరిజం వాళ్ల జంగిల్ బెల్స్‌లో, చెట్ల మధ్య చెక్క కాటేజీలో రెండు రాత్రులు ఉండాలని ప్లాన్. కారు లేదు. ట్యాక్సీ మాట్లాడితే రెండు రోజులూ దాన్ని అక్కడ ఊరికే నిలబెట్టుకోవాలి, అది నాకు దండగ అనిపిస్తోంది.

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో అరకు బస్సు ఎక్కితే శృంగవరపుకోట దాటి ఘాట్ మీద టైడ వస్తుందని తెలుసు. అరకు దాకా టికెట్ తీసుకోవాలా, టైడకే ఇస్తారా? ఎక్స్‌ప్రెస్ బస్సు అక్కడ ఆపుతుందా, లేక పల్లెవెలుగే దిక్కా? దిగాక సామాన్లతో ఎంత దూరం నడవాలి? అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కుడు దారైతే కష్టం.

అసలు టెన్షన్ తిరుగు ప్రయాణం గురించే. అరకు నుంచి వచ్చే బస్సులు అప్పటికే నిండిపోయి ఉంటే, దారిలో చెయ్యెత్తితే ఆపుతారా? శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ కదా, అందుకే మంగళ, బుధవారాలు అనుకుంటున్నాం.

కిరండూల్ ప్యాసింజరు టైడ స్టేషన్లో ఆగుతుందని మా బాబాయ్ అంటున్నారు. పిన్నికి ఘాట్ మలుపుల్లో వాంతులవుతాయి కాబట్టి రైలే నయమేమో. కానీ స్టేషన్ నుంచి కాటేజీల దాకా ఆటోలు దొరుకుతాయా?

పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.