మ్‌ఖూజేలో పిట్టలు చూడ్డానికి ఏ నెల మంచిది?

ప్రశ్న: దక్షిణాఫ్రికాలో, క్వాజులు-నాటాల్ ఉత్తరాన ఉన్న మ్‌ఖూజే వన్యప్రాణుల రిజర్వుకి వెళ్తున్నాను, మూడు రోజులు. 400కి పైగా పక్షి జాతులట! జులైలో వెళ్లనా, డిసెంబరులోనా?

జవాబు 1: మీకు ఏం కావాలన్నదాన్ని బట్టి. డిసెంబరులో వానలు, వలస పక్షులు, కోకిల జాతుల కూతలు. కానీ గడ్డి ఏపుగా పెరుగుతుంది, పైగా ఉక్కపోత. నేనైతే జులైకే ఓటు. అప్పుడు అక్కడ చలికాలం, అడవి ఎండిపోతుంది కాబట్టి నీటిగుంట దగ్గరికి అన్నీ వాటంతటవే వస్తాయి. కుమసింగా అనే నీటిగుంట దగ్గర, దాక్కుని చూడ్డానికి నీళ్ల మీద కట్టిన చెక్క గది ఉంది. తెల్లారగానే వెళ్లి కూర్చోండి. మొదటిరోజు నేను కారులో తెగ తిరిగి నాలుగు పిట్టలు కూడా సరిగ్గా చూడలేదు. రెండోరోజు అక్కడ కదలకుండా కూర్చుంటే పావురాలు, పిచుకలు గుంపులుగా దిగాయి. వాటి వెనకే డేగ! గుండె ఆగినంత పనైంది.

జవాబు 2: న్సుమో సరస్సు వదలకండి. పచ్చటి బెరడున్న ఫీవర్ చెట్లు, గూడబాతులు, ఫిష్ ఈగిల్ (చేపలు పట్టే గద్ద) అరుపు. అత్తిచెట్ల అడవిలోకి మాత్రం గైడుతోనే నడవాలి.

ప్రశ్న అడిగినవారు: జులైకే ఫిక్స్. మలేరియా టెన్షన్ ఉండదుగా?

జవాబు 1: చలికాలంలో తక్కువే, కానీ అది మలేరియా ప్రాంతమే. బయల్దేరేముందే డాక్టర్ని అడగండి. అన్నట్టు, కారు అద్దాలు మూయండి. నా బిస్కెట్లన్నీ కోతులపాలయ్యాయి.