ప్రోగ్రాం అయ్యాక అర్ధరాత్రి చెకింగ్: వ్యాన్‌లో గంజాయి దొరికితే? డ్రైవర్ తాగి ఉంటే?

కీబోర్డు కరీంనగర్:
ఎనిమిది మంది ఆర్కెస్ట్రా, ఒకటే టెంపో ట్రావెలర్. హైదరాబాద్‌లో సంగీత్ ముగిసేసరికి రాత్రి ఒంటిగంట, దారిలో చెకింగ్ ఎలాగూ ఉంటుంది. ఒకరి బ్యాగులో కొంచెం గంజాయి దొరికితే కేసు అందరి మీదా? డ్రైవర్ తాగి దొరికితే బండి, సామాను గతేంటి? వచ్చే ఏడాది అమెరికా ప్రోగ్రాంలున్నాయి, ఆ సంగతి కూడా చెప్పండి.

సెక్షన్ యాభై:
మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద గంజాయి ఐదు గ్రాములైనా కేసే. కిలో లోపైతే ఏడాది దాకా కఠిన జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల వరకు పదేళ్ల దాకా వెళ్తుంది.

ఒంటిని సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి దగ్గరికో మెజిస్ట్రేట్ దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు మీకుందని పోలీసులే చెప్పాలి. 2010లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా తేల్చింది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: ఆ హక్కు ఒంటికే. గిటార్ కేసుకి, ప్యాడ్ బ్యాగుకి, డిక్కీకి వర్తించదు. సింగర్ అమ్మాయిల్ని మాత్రం మహిళే సోదా చేయాలి. సోదా, జప్తు వీడియో తీయాలని కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105వ సెక్షన్ చెబుతోంది. శిక్ష తూకాన్ని బట్టే కాబట్టి, పొట్లం కవర్‌తో కలిపి తూచారా, విడిగా తూచారా అన్నది పంచనామాలో చూసుకోండి.

వ్యాన్‌లో కూర్చున్నంత మాత్రాన అందరూ ముద్దాయిలు కారు, తెలిసి దగ్గర పెట్టుకున్నవాడిదే నేరం. కానీ తెలియదని నిరూపించుకునే బరువు చాలావరకు మీ మీదే పడుతుంది. అందుకే వాయిద్యాల ప్రతి పెట్టె మీదా, బ్యాగు మీదా ఎవరిదో పేరు రాసి ఉంచండి. సరుకు దొరికిన హార్డ్ కేసు కూడా జప్తు కావచ్చు. పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదు, అయినా చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు.

ముప్పై మిల్లీగ్రాములు:
తాగి నడపడం మీద మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ నడిపేవాడికే, వెనక సీటు వాళ్లకి కాదు. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే చాలు: మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 జరిమానా లేదా రెండూ, రెండోసారి రెండేళ్లు, 15,000. బ్రీత్ ఎనలైజర్ మెషిన్‌లో ఊదే ముందు కొత్త పైపు అడగండి. మౌత్‌వాష్ పుక్కిలించిన వెంటనే ఊదితే అంకె పెరుగుతుంది, కాసేపాగి మళ్లీ ఊదుతానని అడగండి. అసలు ఊదనంటే అరెస్టు చేయొచ్చు, పైగా అదే మీకు ఎదురు తిరుగుతుంది. అరెస్టు చేస్తే రెండు గంటల్లో డాక్టరు పరీక్ష జరగాలి, లేదంటే వదిలేయాలి.

బండి సంగతి: తాగి నడిపాడన్న ఒక్క కారణంతో సీజ్ చేయకూడదని 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. తాగని, లైసెన్సున్న మనిషి ఉంటే అతనికి అప్పగించాలి. కాబట్టి డ్రైవర్ కాక ఇంకొకరు తాగకుండా ఉండాల్సిందే (ఆర్కెస్ట్రాలో ఇది కష్టమని తెలుసు). గంజాయి తాగినవాడికి మెషిన్‌లో సున్నా వస్తుందని ధీమా వద్దు, మత్తుమందుకీ అదే సెక్షన్.

డాలస్ దరువు:
అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో గంజాయి షాపులోనే అమ్ముతారు, కానీ వీసా చూసేది ఫెడరల్ (కేంద్ర) చట్టం. శిక్ష పడకపోయినా, గంజాయి నేరం చేశానని అధికారి ముందు ఒప్పుకుంటే చాలు, రానివ్వకపోవచ్చు. తాగి నడిపిన కేసులో ఒట్టి అరెస్టుకే, ఇచ్చిన వీసా రద్దు చేయగలరు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 అడిగేది శిక్ష గురించే కాదు, అరెస్టు గురించి కూడా. ఫైన్ కట్టేశాం కదా అని "లేదు" కొట్టొద్దు, కోర్టు ఆర్డరు కాపీ తీసి పెట్టుకోండి.

కీబోర్డు కరీంనగర్:
థ్యాంక్స్ అన్నా. సౌండ్ వాళ్ల బాక్సులూ మా వ్యాన్‌లోనే వస్తాయి, మరి వాటికి?

సెక్షన్ యాభై:
ఎక్కించేటప్పుడే వాళ్లతో తెరిపించి ఫొటో తీయండి. ఆ బాక్సుల తాళంచెవులు మాత్రం మీ దగ్గర పెట్టుకోవద్దు.