కొత్త కార్పెట్‌కి నీళ్లు తగలనివ్వచ్చా? అత్త ఒక మాట, ఆయన ఒక మాట

మాగుంట లేఅవుట్ కోడలు:
గృహప్రవేశానికి మా ఆడబిడ్డ వాళ్లు కార్పెట్ చదివించారు. 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు, ఊలు. మీగడ రంగు మీద నీలం పూలు. బాగుంది, కాదనను. కానీ పరిచిన రోజు నుంచీ నూగు ఊడతానే ఉంది. పొద్దున ఊడిస్తే సాయంత్రానికి సోఫా కింద పిల్లికూన పడుకున్నట్టు ఒక ఉండ తయారు. మా బుడ్డోడు దానికి పేరు కూడా పెట్టాడు.

కొత్త గుడ్డ ఏదైనా ఒకసారి జాడించాకే వాడాలంట, మా అత్త మాట. మిద్దె మీద పరిచి సర్ఫు నీళ్లు పోసి కొబ్బరి చీపురుతో రుద్దితే నూగంతా ఒక్క దెబ్బకు పోద్దంట. మా ఆయనేమో చుక్క నీళ్లు తగలకూడదు, వ్యాక్యూమ్ ఒక్కటే అంటాడు. కొన్న షాపులో అడిగిస్తే 6 నెలలకోసారి షాంపూ చేయించండి, మేమే మనిషిని పంపుతాం అన్నారు. అత్త ఆదివారానికి మిద్దె కడిగించే ఏర్పాట్లలో ఉంది. ఈలోపు తెలిసినవాళ్లు ఎవరన్నా చెప్పండి.

పినాకిని గట్టు:
మీ అత్తగారు చెప్పిందే రైటు, సర్ఫు ఒక్కటి తప్ప. నీళ్లంటే ఇప్పటివాళ్లకి ఎందుకమ్మా అంత భయం? ముడులేసి నేసిన తివాచీని మగ్గం మీంచి దించాక ఉతికి, ఆరబెట్టి, ఆ తర్వాతే అమ్మకానికి పంపుతారు. అంటే మన గడప తొక్కకముందే దానికి ఒక స్నానం అయిపోయినట్టే. మా ఇంట్లో ఏలూరు తివాచీ ఉంది, నా పెళ్లినాటిది. శివరాత్రి దాటాక, ఎండలు ముదరకముందు, మిద్దె మీద కుంకుడు రసంతో ఉతుకుతాం. ఏటా కాదు, రెండు మూడేళ్లకోసారి. సర్ఫులో ఉండే సోడా ఊలును పెళుసు చేస్తుంది. పట్టుచీరకు ఏది వాడతామో ఊలుకీ అదే.

వేదాయపాళెం వెంకీ:
అక్కా, మన నెల్లూరు గొర్రెకే ఒంటి మీద ఊలు ఉండదు. ఈ ఉక్కలో అది దండగని దానికి తెలుసు. మనకెందుకు తెలీదో. తుంగ చాప వేసుకో, దులిపితే పోద్ది.

ఒంగోలు గ్రానైట్:
వెంకీ, నవ్వించావు పో. కానీ ఈ పినాకిని పెద్దాయన మాట విని ఉతక్కండి మేడమ్. పోయినేడాది కార్తీకమాసంలో మా ఇంట్లో జరిగిన ఘనకార్యం చెప్తాను. చుట్టాలొస్తున్నారని మా అమ్మ పైకి తీసకపోయి రెండు బిందెలు గుమ్మరించింది. ఎండి ఉన్నప్పుడే ఇద్దరు మోసేది, తడిశాక నలుగురం పట్టినా లేవలేదు. మధ్యాహ్నం మబ్బు, రాత్రికి వాన. హాల్లోకి ఈడ్చి ఫ్యాను కింద మూడు రోజులు పెట్టాం. గొర్రెల మంద వచ్చి ఇంట్లో పడుకున్నట్టు వాసన. నాలుగో రోజు తిప్పి చూస్తే వెనకున్న తెల్ల గుడ్డ దోసె ఉబ్బినట్టు ఉబ్బి ఉంది. వేలు పెడితే బంక పొడిపొడిగా రాలింది. అంచున నల్ల చుక్కలు, బూజు. డబ్బులన్నీ బూడిదలో పోసినట్టే.

ఇంకోటి, మాది చీమకుర్తి రాయి పరిచిన హాలు. పనమ్మాయి మాపు పెట్టి నేల ఆరకముందే కార్పెట్ పరిచేసేది. ఆ చెమ్మ కిందే ఉండిపోయేది. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. మీరు మాత్రం నేల ఎండిందాకా పరచనీయకండి.

పినాకిని గట్టు:
మీరు పాడు చేసుకుంది తివాచీని కాదు నాయనా, బంక పెట్టి అతికించినదాన్ని. ఆ తప్పు నీళ్ల మీదకి నెట్టకండి. పైగా కార్తీకంలో ఉతికారు! మనకు వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే గదా. ఆ నెలల్లో మా ఇంట్లో దుప్పటే ఆరదు.

ఒంగోలు గ్రానైట్:
బంక పెట్టిందో ముడి వేసిందో కొనేవాడికి ఎట్టా తెలుస్తుంది సార్? రెంటినీ కార్పెట్ అనే అమ్ముతారు.

దర్గామిట్ట అక్క:
ఇప్పుడొచ్చారు అసలు విషయానికి. 12 ఏళ్లు ఫర్నిషింగ్ షాపులో చేశాను, ఈ గొడవ నాకు కొత్త కాదు. ఉతకాలా వద్దా అని అడిగేముందు మూల పట్టుకుని వెనక్కి తిప్పమ్మా.

వెనక కూడా అదే పూలు, అవే రంగులు సన్న చుక్కల్లాగా కనిపిస్తే ముడులేసి నేసినది. పెద్దాయన దగ్గరుండేది అదే. అందులో బంక లేదు, నీళ్లకు తట్టుకుంటుంది. వెనకంతా కాన్వాసు లాంటి గుడ్డ అతికించి ఉంటే, మిషను గన్నుతో పోగులు గుచ్చి వాటిని లేటెక్స్ బంకతో పట్టించారని అర్థం. నీళ్లు లోపలికి దిగితే ఆ బంకకు చేటు, ఎండలో వారాలు పడేసినా చేటు. ఒంగోలు తమ్ముడిది అదే. గోనె లాంటి జనుము కనిపిస్తే ఇంకా జాగ్రత్త. తడిసి మెల్లిగా ఆరితే జనుములోని రంగు పైకెక్కి గోధుమ రంగు మరకలు తేలతాయి. ప్లాస్టిక్ వల లాగా ఉంటే పైనుండేది కూడా చాలావరకు పాలీప్రొపిలీనే. దానికి నీళ్లతో పేచీ లేదు గానీ నూనె పడితే వదలదు.

పైన నిజంగా ఊలేనా అని అనుమానముంటే ఊడిన నూగు రెండు పోచలు పట్టకారుతో పట్టుకుని వెలిగించు. ఊలైతే వెంట్రుక కాలిన వాసన, నలిపితే బూడిద. ప్లాస్టిక్కైతే కరిగి గట్టి పూస అవుతుంది.

మాగుంట లేఅవుట్ కోడలు:
ఇప్పుడే తిప్పాం. వెనక తెల్ల కాన్వాసు, చుట్టూ పట్టీ. నూగును అత్తే గ్యాస్ పొయ్యి మీద కాల్చింది. వంటింట్లో గుండు గీయించినట్టు వాసన. బూడిదైంది. అంటే ఊలే, కానీ బంక రకం. మా ఆయన గెలిచినట్టు తిరగతా ఉండాడు.

కావలి టీచరమ్మ:
ఆయన్ని అప్పుడే గెలవనియ్యకండి. ఊడతా ఉండేదాన్ని రోజూ వ్యాక్యూమ్‌తో పీకితే ఇంకా ఊడదా? మాకు మొదటి నెలంతా మెత్తటి చీపురుతో తోయండి, అంతే అని చెప్పారు. మేం అదే చేశాం, బోడి కాలేదు.

దర్గామిట్ట అక్క:
టీచరమ్మా, ఊడేది కార్పెట్ నుంచి తెగిపోతున్న పోగు కాదు. పైన సమంగా కత్తిరించేటప్పుడు తెగిన ముక్కలు లోపలే ఇరుక్కుని ఉంటాయి, అవి బయటికొస్తాయి. కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. మీ చీపురు మాటలో కూడా సగం నిజముంది. వ్యాక్యూమ్‌కి గిరగిరా తిరిగే బ్రష్షు ఉంటుంది చూడండి, ఊలుకి అది పెట్టకూడదు. దాన్ని ఆపేసి వట్టి పీల్పు మీదే, నిదానంగా, నూగు వాలిన వైపుకి తోయాలి. వారానికి రెండుసార్లు చాలు. నడిచే దారిలో ఇంకోసారి.

ఎక్కడన్నా ఒక పోగు పైకి లేచి కనిపిస్తే పిల్లలు లాగుతారు, లాగనీకండి. కత్తెరతో పక్కవాటితో సమంగా కత్తిరించండి. నేను చూసినవాటిలో మురికి వల్ల పాడైనవాటికన్నా పోగు లాగి పాడు చేసినవే ఎక్కువ.

బుచ్చి అబ్బాయి:
మరకల సంగతి ఎవరూ ఎత్తలేదే! మా చెల్లెలి పెళ్లిచూపులకు అద్దెకు తెచ్చిన కార్పెట్ మీద చేపల పులుసు గిన్నె పడింది. మామిడికాయ ముక్కలతో సహా. మా పిన్ని బట్టల సబ్బు తెచ్చి రుద్దింది. రుద్దేకొద్దీ పసుపు మరక ఎర్రగా మారిపోయింది. పెళ్లికొడుకు వాళ్లొచ్చే వేళకి హాల్లో రక్తం చిందినట్టు ఉంది.

పినాకిని గట్టు:
పారాణి ఎట్ట చేస్తారు నాయనా? పసుపులో సున్నం కలిపి. సబ్బులో క్షారం, సున్నంలో క్షారం. పెళ్లిచూపులనాడే పారాణి పెట్టేశారు మీ పిన్ని.

దర్గామిట్ట అక్క:
😄 పెద్దాయన సరిగ్గా చెప్పారు. ముందు ముక్కలు స్పూనుతో ఎత్తేయాలి. తెల్లటి నూలు గుడ్డ మడిచి అద్దాలి, రుద్దకూడదు. అంచు నుంచి మధ్యకి రావాలి, లేకపోతే మరక పెరుగుతుంది. చన్నీళ్లు కొంచెం చిలకరించి మళ్లీ అద్దు. ఎర్రబడితే తెల్ల వెనిగర్‌లో నీళ్లు కలిపి ఆ గుడ్డతో అద్దితే తిరిగి పసుపుకి వస్తుంది. ఆ మిగిలిన పసుపును కిటికీ ఎండకు వదిలేయ్. పసుపు రంగు వెలుతురుకి నిలవదు, రోజులు గడిచేకొద్దీ పలచబడుతుంది. మరక ఉన్న మూల వరకే ఎండ చూపించు.

కావలి టీచరమ్మ:
నూనె మరకకు మేం శెనగపిండి చల్లుతాం.

ఒంగోలు గ్రానైట్:
చీమలకు భోజనాలు పెట్టినట్టుంటుంది మేడమ్! ముఖానికి రాసుకునే పౌడరు చల్లి గంట ఆగి పీల్చేయండి. తినే సోడా కూడా వాసనకని చల్లుతారు గానీ, మెత్తటి పొడి వ్యాక్యూమ్ ఫిల్టరులో కూరుకుపోతుంది. మాది అట్టానే మూలపడింది.

వేదాయపాళెం వెంకీ:
చాపకైతే ఇవేమీ అక్కర్లేదని మరోసారి మనవి.

మాగుంట లేఅవుట్ కోడలు:
వెంకీ, ఈసారి మా ఇంటికొస్తే నీకు చాపే వేస్తా. అక్కా, 6 నెలల షాంపూ సంగతి చెప్పనే లేదు. షాపతను ఫోన్ చేస్తానే ఉండాడు.

దర్గామిట్ట అక్క:
6 నెలలకి అక్కర్లేదు. వ్యాక్యూమ్ సరిగ్గా నడిపితే ఏడాదికో, ఏడాదిన్నరకో ఒకసారి చాలు. చేయించినా బకెట్‌లో నురగ కలిపి బ్రష్షుతో తోమేవాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఆ సబ్బు కడగకుండా లోపలే ఎండిపోతుంది, జిగటగా ఉంటుంది, ఆ జిగటకే కొత్త దుమ్ము అంటుకుంటుంది. అందుకే తోమించిన చోటే ముందు మాసిపోతుంది. వాళ్లను మళ్లీ పిలుస్తారు. నీళ్లు చిమ్మి వెంటనే పీల్చేసే మిషను ఉందా, నీది బంక రకమని చెప్తే ఎంత తడి పెడతారు, ఎన్ని గంటల్లో ఆరుతుంది అని అడుగు. ఒక్క రోజులోపు ఆరకపోతే బూజుకి పిలుపు పంపినట్టే. దసరా నుంచి సంక్రాంతి దాకా అసలు ముట్టనీయకు.

సోఫా కింద చీకట్లో కూడా నెలకోసారి పీల్చమ్మా. ఊలు తినే పురుగు నడిచే చోట ఉండదు, ఎవరూ కదిలించని చోటే గుడ్లు పెడుతుంది.

పినాకిని గట్టు:
వేపాకు వేయమని చెప్పండి.

దర్గామిట్ట అక్క:
వేసుకోవచ్చు, పల్చటి గుడ్డలో మూటగట్టి. నేరుగా వేస్తే నలిగి పచ్చ మరక మిగులుతుంది. కానీ వేపాకు ఉంది కదా అని పీల్చడం మానేస్తే పురుగుకి ఏ అడ్డూ ఉండదు. ఇంకో మాట కోడలమ్మా, ఏ తడి పెట్టేముందైనా కనపడని మూలలో తెల్ల గుడ్డ తడిపి ఒత్తి చూడు.

మాగుంట లేఅవుట్ కోడలు:
ఆదివారం రిపోర్టు. మిద్దె కడగడం అయిపోయింది, ఇక ఆపేది ఎట్ట అనుకున్నా. అక్క చెప్పినట్టు సోఫా కిందకి వెళ్లే మూలలో ఒక నీలం పువ్వు మీద తడి చేతిరుమాలు అదిమి రెండు నిమిషాలు పెట్టా. ఎత్తితే రుమాలు మీద రేక రేకగా నీలం పువ్వు. అత్తకు చూపించా. మీగడ రంగంతా నీలం అయ్యుండేదే అని ఆమే అనింది. ఆ రుమాలును మా ఆయన ఫ్రిజ్ మీద మాగ్నెట్‌తో అంటించాడు.

కడిగిన మిద్దె ఊరికే పోకూడదని పాత జంపఖానా రెండూ పైకి తీసకపోయి ఉతికింది. ఒంటిగంటకల్లా ఆరిపోయినాయి. కార్పెట్ నూగు కొంచెం తగ్గింది. బుడ్డోడి పిల్లికూన ఇప్పుడు ఎలుకపిల్లంత.

పినాకిని గట్టు:
రంగు దిగేదాన్ని కట్నంగా చదివించిన ఆడబిడ్డను అడగండమ్మా ముందు. నాదైతే ఫిబ్రవరిలో ఉతుకుతున్నా. ఒంగోలు నుంచి కూడా వచ్చి చూడొచ్చు.

ఒంగోలు గ్రానైట్:
వస్తా సార్. మోయడానికి మాత్రం పిలవకండి.