కంపిలాన్ పిడి మీద నోరు తెరిచింది మొసలా, నాగమా?

దావావో_స్టూడెంట్:
నేను ఫిలిప్పీన్స్‌లోని దావావోలో మెడిసిన్ చదువుతున్నాను. మొన్న సెలవుల్లో మనీలా నేషనల్ మ్యూజియంలో దక్షిణాన ఉన్న మిందనావో దీవి వైపు మోరో ముస్లింల కత్తులు చూశాను. కంపిలాన్ అనేది దాదాపు మీటరు పొడవుంది, పిడి చివర రెండుగా చీలి ఏదో జంతువు నోరు తెరిచినట్టుంది. పక్కనున్నాయన మొసలి అన్నాడు. నాతో వచ్చిన విసయా (మధ్య దీవుల) అమ్మాయి బకునావా అంది, అంటే చంద్రుణ్ణి మింగే పెద్ద పాము, మన రాహువు కథలాగే. నెట్‌లో చూస్తే నాగం అనేవాళ్లూ హార్న్‌బిల్ పక్షి అనేవాళ్లూ ఉన్నారు. ఇంతకీ ఏది?

తూర్పుతీరం:
నా లెక్కలో అది మకరం. మన గుళ్లలో మకరతోరణం చూడండి, అదే నోరు. ఫిలిప్పీన్స్‌లోనే లగూనాలో 1989లో దొరికిన రాగిరేకు మీద శక సంవత్సరం 822 అని ఉంది, అంటే క్రీ.శ. 900, అందులో సంస్కృత పదాలు ఎన్నో. నాగ అనే మాట కూడా మన సంస్కృతానిదే కదా.

పాతఇనుము:
తూర్పుతీరం గారూ, లగూనా ఉన్నది ఉత్తరాన లుజోన్ దీవిలో, కంపిలాన్ దక్షిణాన మిందనావో, సులు వాళ్లది. మాట ప్రయాణం చేసిందంటే ఒప్పుకుంటాను, కానీ మాటతోపాటు ఈ పిడి ఆకారం కూడా వచ్చిందని ఆ రేకు చెప్పదు. తమ్ముడూ, నీ ఫ్రెండ్ చెప్పిన బకునావా విసయా వాళ్ల కథ. పనాయ్ దీవి తెనెగ్రే కత్తుల పిడి మీద కోరలున్న తల చెక్కి ఉంటుంది, అక్కడ ఆ పేరు చెబితే నేను వింటాను, మిందనావోలోని మరనావ్ జాతివాళ్ల కత్తికి అదే పేరు తగిలిస్తే మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే ఊరు వేరు, భాష వేరు, మతం వేరు.

ఇంకో సంగతి, ఆ చీలిక ఉత్త అలంకారం కాదు. అంత పొడవు కత్తిని బలంగా విసిరితే చెయ్యి జారకుండా పిడి చివర వెడల్పుగా ఉండాలి, పిడికి వెంట్రుకల కుచ్చులు కట్టిన కంపిలాన్లూ ఉన్నాయి. ముందు చేతికి పట్టు కోసం ఆకారం వచ్చి, తర్వాత అందులో జంతువు కనిపించి ఉండొచ్చు. మోరోలవే ఇంకో రెండు రకాలు, క్రిస్, బరోంగ్ కత్తుల పిడిని కాకతువా అంటారు. మనం పిలిచే కాకతువా పక్షే, మలయ్ మాట. కానీ పాత క్రిస్‌లలో ఆ ముక్కు, జుట్టు చాలా చిన్నవి, 19వ శతాబ్దం వైపు వచ్చేకొద్దీ దంతంతో, వెండితో పెద్దవయ్యాయి. చిన్నగా ఉన్నప్పుడు కూడా దాన్ని పక్షి అనే చెక్కారా? పేరుని పట్టుకుని అర్థం చెప్పడం దగ్గరే నాకు పేచీ.

తూర్పుతీరం:
లుజోన్ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ అగుసాన్ బంగారు బొమ్మ 1917లో దొరికింది మిందనావోలోనే, అది హిందూ దేవతో బౌద్ధ దేవతో అని పండితులు వాదించుకున్నారు, కాబట్టి దక్షిణానికి మన ప్రభావం చేరలేదనలేం. పైగా మరనావ్ చెక్కుడు పని ఒకిర్‌లో నాగం ఉంది, తీగలా మెలికలు తిరిగి, జంతువో ఆకో తెలియకుండా. ఇస్లాం వచ్చాక ప్రాణుల బొమ్మను అలా తీగల్లో కలిపేశారంటే నాకు సబబుగానే ఉంది. పిడిలో కూడా అదే జరగకూడదా?

పాతఇనుము:
జరగొచ్చు, ఈ మాట బాగుంది. మకరం కంటే నాగం వైపు నేనూ మొగ్గుతాను. కాకపోతే అన్ని కంపిలాన్లకీ ఒకటే జవాబు అనొద్దు. కొన్నిటికి పళ్లలా గాట్లుంటాయి, కొన్నిటికి ఒట్టి చీలికే. తమ్ముడూ, ఈసారి వెళ్తే పిడిని పక్క నుంచి ఫోటో తియ్యి, కన్నులాంటిది చెక్కారో లేదో చూడు, కింద చీటీ మీద ఏ ఊరిదని రాశారో అదీ తియ్యి.

దావావో_స్టూడెంట్:
నా దగ్గర ముందు నుంచి తీసిన ఫోటో ఒక్కటే ఉంది, జూమ్ చేస్తే గాట్లు కనిపిస్తున్నాయి, కన్ను మాత్రం తెలియట్లేదు. డిసెంబరులో మళ్లీ మనీలా వెళ్తున్నాను, పక్క నుంచి తీసి ఇక్కడే పెడతాను.